కోరంగి వాళ్ళు

సంస్కృత నిఘంటువుల్లో కోరంగి అంటే చిన్న ఏలకులు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో కోరంగి అంటే తాళ్ళరేవు మండలంలోని ఒక ఊరు, దాని పక్కనున్న మడ అడవి. వందేళ్ళ కిందటి రంగూన్‌లో మాత్రం కోరంగి అంటే తెలుగువాడు. ఓడ సరుకు మోసేవాడైనా, రిక్షా లాగేవాడైనా, ధాన్యం మిల్లులో బస్తాలెత్తేవాడైనా, ఏ జిల్లా యాస మాట్లాడేవాడైనా తెలుగువాడైతే చాలు, కోరంగీయే. అక్కడి కూలీల మీద ఇంగ్లీషువాళ్ళు రాసిన నివేదికల్లో ఈ మాట ‘కోరింఘీ’ రూపంలో కనిపిస్తుంది.

ఏలకుల సంగతి వదిలేద్దాం. ఊరి పేరుకు దగ్గరగా ఉన్న సంస్కృత పదం వెతికి పట్టుకుని అదే మూలమనడం మన స్థలపురాణాలకు ఉన్న పాత జబ్బు. ఊరి పేరు మనుషుల పేరుగా మారడం కూడా వింతేమీ కాదు. అసలు వింత ఏమిటంటే, కోరంగి వాళ్ళని పిలిపించుకున్నవాళ్ళలో చాలామంది కోరంగి మొహం ఎరగరు. గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెల్లోంచి బయల్దేరి బారువలోనో, కళింగపట్నంలోనో, భీమిలిలోనో, కాకినాడలోనో ఓడెక్కినవాళ్ళు వాళ్ళు. వేలకు వేలుగా జనం రంగం పోవడం మొదలుపెట్టే నాటికి కోరంగి పేరుకే రేవు. (రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనేవారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవాళ్ళ నోట ఆ మాట నిన్నమొన్నటిదాకా ఉంది.)

ఒకప్పుడది నిజంగానే గొప్ప రేవు. గోదావరి పాయ ఒడ్డున ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు. 1802లో ఎబినీజర్ రోబక్ అనే ఇంగ్లీషువాడు అక్కడ పెద్ద ఓడలు పట్టే డాక్ కట్టించాడు. బర్మా తీరంతో రాకపోకలూ వ్యాపారమూ సాగేవి. 1789 డిసెంబరులో ఉప్పెన వచ్చి ఊరిని ముంచింది. 1839 నవంబరులో మళ్ళీ వచ్చింది. ఆ రెండోసారి మూడు లక్షలమంది పోయారని చాలాచోట్ల రాస్తారు. ఆ కాలపు డెల్టా తీరంలో అంతమంది ఎక్కడున్నారన్న ప్రశ్న వేసుకోకుండా ఒకరి పుస్తకంలోంచి ఒకరు ఎత్తిరాసుకుంటూ వచ్చిన అంకె అని నా అనుమానం. నష్టం భయంకరమైనదే, సందేహం లేదు. కలకత్తాలో ఉండి బంగాళాఖాతం గాలివానల్ని పరిశీలించి, వాటికి సైక్లోన్ అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్‌టన్ రాతల్లో కోరంగి ఉప్పెన ప్రస్తావన ఉంది. ఉప్పెనలు చంపింది కొంతయితే, గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు మిగతాది పూడ్చింది. వ్యాపారం కాకినాడకు వెళ్ళిపోయింది. పేరు మాత్రం అప్పటికే ఓడలెక్కి సముద్రం దాటేసింది.

బర్మాకే కాదు. మారిషస్‌లోనూ తెలుగువాళ్ళని కోరంగి వాళ్ళనే పిలిచారు. 1840లలో అక్కడికి కూలీల్ని తీసుకువెళ్ళిన ఓడల్లో ఒకదాని పేరే ‘కోరింగ పాకెట్’. పక్కనున్న యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది కాబట్టి 1820ల చివర్లోనే అక్కడి నుంచి బూర్బోం దీవికి, అంటే ఇవాళ్టి రియూనియన్‌కి, తెలుగు కూలీలు వెళ్ళారు. మొదట వచ్చినవాళ్ళు ఎక్కిన రేవు పేరు వెనక వచ్చినవాళ్ళందరికీ అంటుకుంది.

మరి కోరంగికి ఆ పేరెలా వచ్చింది? 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో యూల్, బర్నెల్ దీన్ని కళింగ శబ్దానికి భ్రష్టరూపం కావచ్చన్నారు. గోదావరి ముఖాన ఉన్న కొనను ప్లినీ కళింగుల పేరుతో చెప్పాడన్న వాదన దీనికి బలం. నాకు పూర్తిగా నమ్మకం కుదరదు. కళింగం కాస్తా కోరంగి కావాలంటే ఒకటి కాదు, రెండు మూడు మార్పులు జరగాలి. పైగా కళింగపట్నం అన్న పేరు అదే తీరంలో చెక్కుచెదరకుండా ఉండనే ఉంది. కానీ యూల్ ఊహే నిజమైతే ఒక తమాషా తేలుతుంది. మలయా వైపు దక్షిణ భారతీయులందర్నీ కెలింగ్ అని, ఇంగ్లీషువాళ్ళు క్లింగ్ అని పిలిచేవారు. ఆ మాట కళింగ నుంచి వచ్చిందనడంలో పెద్ద వివాదం లేదు. అంటే ఒకే మాట రెండు ఓడలెక్కి వెళ్ళి, రంగూన్‌లో కోరింఘీగా, పెనాంగ్‌లో క్లింగ్‌గా దిగిందన్నమాట. క్లింగ్ ఇవాళ మలేషియాలో తిట్టు. కోరింఘీ కూడా బర్మాలో గౌరవంగా పలికిన మాట కాదు.

వరస ఇక్కడితో ఆగదు. బర్మా మోన్ ప్రజలను తలైంగ్ అని జనాభా లెక్కల్లో కూడా రాస్తూ వచ్చారు. అది తెలింగ నుంచి వచ్చిందని ఆర్థర్ ఫేర్ వంటి చరిత్రకారులన్నారు, తర్వాతివాళ్ళు కాదన్నారు, మోన్‌లైతే ఆ పేరునే అసహ్యించుకున్నారు. మద్రాసులో పోర్చుగీసు మాట ‘జెంతియో’ నుంచి జెంటూ వచ్చి తెలుగు భాషకే పేరైంది. 1816లో క్యాంబెల్ తన తెలుగు వ్యాకరణం పేరులోనే ‘సాధారణంగా జెంటూ అనబడే’ అని చేర్చుకోవాల్సి వచ్చింది. తమిళులకు మనం వడుగులం, అంటే ఉత్తరాదివాళ్ళం. తెలుగువాణ్ణి తెలుగువాడని పిలవడానికి లోకానికి చాలాకాలం పట్టింది.

ఈ పేర్ల గొడవంతా భాషాభిమానుల కాలక్షేపమే అయితే ఇంతసేపు చెప్పుకోనక్కర్లేదు. తాతముత్తాతల జాడ వెతుక్కునే కుటుంబానికి ఇది తప్పనిసరి పాఠం. తెలుగు అన్న మాట పట్టుకుని పాత కాగితాలు వెతికితే సగం జాడ దొరకదు. పెనాంగ్ భాగంగా ఉన్న స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ 1871 లెక్కల్లో క్లింగ్ అన్న గడి ఉంది. తర్వాతి లెక్కలకు అది పోయి తమిళులూ ఇతర భారతీయులూ అన్న గడి వచ్చింది. మనిషి మారలేదు, గుమాస్తా ముందున్న గడి మారింది. అమెరికాది మరీ అన్యాయం. 1920, 1930, 1940 లెక్కల్లో భారతదేశం నుంచి వచ్చినవాళ్ళందరికీ జాతి గడిలో ‘హిందూ’ అని రాశారు. పంజాబీ సిక్కు హిందువే, బెంగాలీ ముస్లిం కూడా హిందువే. ఆ కాగితం పట్టుకుని మతం తెలుసుకోబోతే తప్పుదారి పడతాం.

అయినా అమెరికా, బ్రిటన్‌లలో వెతికేవాళ్ళు అదృష్టవంతులు. అక్కడ ఇంటింటి కాగితాలు పేర్లతో సహా దాచి, గడువు తీరాక జనానికిస్తారు. అమెరికాలో 72 ఏళ్ళు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో తెరిచారు. ఇంగ్లండులో వందేళ్ళు, 1921 నాటివి 2022 జనవరిలో వచ్చాయి. ముత్తాత పేరు కొడితే వీధి, ఇల్లు, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ వయసులతో సహా కళ్ళముందుంటాయి. మన దేశంలోనూ, 1937 దాకా మన దేశంలో భాగమైన బర్మాలోనూ అలాంటి భాగ్యం లేదు. మనిషి వివరాలు రాసిన కాగితాల్ని లెక్క తేలగానే నాశనం చేశారు. మిగిలినవి పట్టికలు. వాటిల్లో జాతి ఉంటుంది, మతం ఉంటుంది, పుట్టిన ప్రాంతం ఉంటుంది. మనిషి ఉండడు.

జనాభా లెక్కల్ని మన పెద్దలు ఖానేషుమారీ అనేవారు. ఖానా అంటే ఇల్లు, షుమారీ అంటే లెక్కించడం, రెండూ పారసీ మాటలే. ఆ షుమార్ తెలుగులోకి వచ్చి సుమారు అయింది. పక్కాగా లెక్కపెట్టడానికున్న మాట మన నోట ‘ఇంచుమించు’ అన్న అర్థానికి దిగజారింది. సర్కారు లెక్కల మీద మన పల్లెటూరివాడి అభిప్రాయం ఇంత క్లుప్తంగా చెప్పే మాట ఇంకొకటి లేదు.

1931 బర్మా లెక్కలు తీసుకోండి. బెన్నిసన్ అనే అధికారి ఆధ్వర్యంలో జరిగాయి. దేశం మొత్తమ్మీద భారతీయులు 10 లక్షల పైచిలుకు. రంగూన్ నగరంలో 4 లక్షల జనాభాకు సగం కంటే ఎక్కువ భారతీయులే. బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నర దాటారు. వాళ్ళలో ఆడవాళ్ళు చాలా తక్కువ. ఈ ఒక్క సంగతీ కుటుంబ చరిత్ర రాసేవాళ్ళకు పెద్ద అంకెలకన్నా ఎక్కువ చెబుతుంది. రంగూన్‌లో లెక్కకెక్కింది కుటుంబం కాదు, కుటుంబంలో ఒక మగవాడు. భార్యాబిడ్డలు టెక్కలి దగ్గరో, చీపురుపల్లి దగ్గరో మద్రాసు రాజధాని లెక్కల్లో ఉన్నారు. పైగా లెక్క జరిగింది ఫిబ్రవరిలో, అంటే మిల్లులాడే రోజుల్లో. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఓడెక్కి, రెండు మూడేళ్ళు కష్టపడి అప్పు తీర్చుకుని ఇంటికొచ్చే మనిషి ఆ రోజు ఏ ఒడ్డున ఉంటే ఆ ఒడ్డు మనిషిగా పట్టికలోకి ఎక్కాడు.

ఆ లెక్కకు తొమ్మిది నెలల ముందు ఏం జరిగిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. 1930 మే నెలలో రంగూన్ ఓడరేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మావాళ్ళని పనిలోకి తెచ్చాయి. సమ్మె తేలి తెలుగువాళ్ళు తిరిగొచ్చాక బర్మావాళ్ళని పొమ్మన్నారు. మే 26న కొట్లాట మొదలై రోజుల తరబడి సాగింది. వందకు పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఆ గొడవల తర్వాత ఎంతోమంది ఊళ్ళకు తిరిగివచ్చారు. 1931 పట్టికలో తెలుగు అన్న వరసలో ఉన్న అంకెను ఈ సంగతి తెలియకుండా చదవకూడదు. వీధిలో కొట్టినవాళ్ళు కోరంగి వాళ్ళని వెతికి కొట్టారు; లెక్క రాసినవాళ్ళు తెలుగు అని రాసుకున్నారు. ఒకే మనిషికి కాగితం మీద ఒక పేరు, వీధిలో ఇంకొకటి.

1941లో మళ్ళీ లెక్క జరిగింది. ఆ కాగితాలు చాలామటుకు యుద్ధంలో పోయాయి. 1942లో జపాన్ సైన్యం రావడంతో లక్షలాది భారతీయులు అరకాన్ కొండలమీదుగా, మణిపూర్, అస్సాం అడవులమీదుగా నడిచి వచ్చారు. దారిలో ఎందరు పోయారో సరైన లెక్క ఎవరి దగ్గరా లేదు.

పేర్లు దొరికేది ఒప్పందపు కూలీలు వెళ్ళిన దేశాల్లోనే. బర్మా వెళ్ళినవాడు టికెట్ కొనుక్కుని డెక్కు మీద కూర్చున్న ప్రయాణికుడు. వాడి పేరు సర్కారుకు అక్కర్లేదు. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కో, మారిషస్‌కో వెళ్ళినవాణ్ణి చెరకు తోట యజమాని డబ్బిచ్చి తెప్పించుకున్నాడు కాబట్టి వాడి వివరాలు పుస్తకానికెక్కాయి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా నేటాల్ వెళ్ళిన 1,52,184 మందికీ వరస నంబర్లున్నాయి. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ భద్రపరిచిన పుస్తకాలూ ఇలాంటివే. అక్కడ పుట్టి ఫ్రెంచిలో రాసే నవలా రచయిత్రి నతాషా అప్పానా తన తెలుగు పూర్వీకులు 1872లో ఆ దీవిలో దిగిన సంగతిని ఆ రికార్డుల ఆధారంగా పట్టుకుని 2023లో ‘లా మెమ్వార్ దెలవే’ అన్న పుస్తకం రాసింది. మనుషులకు తగిలించిన నంబర్లే ఆమెకు మొదటి ఆధారం.

ఆమె పేరు చివరున్న అప్పానా మన అప్పన్నేనని తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. ఇక్కడే జాబితాల లోపమూ బయటపడుతుంది. పేరుకొక గడి, తండ్రి పేరుకొక గడి పెట్టారు. ఇంటిపేరుకు గడి లేదు. తెలుగువాడికి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. చుట్టరికాలూ పెళ్ళిళ్ళూ ఆ ఇంటిపేరు మీదే నడుస్తాయి. అలాంటిది అది రేవులోనే జారిపోయింది. తరవాతి తరాల్లో తండ్రి పేరో, కులం చివరి బిరుదో వంశనామమై కూర్చుంది. దక్షిణాఫ్రికాలో నాయుడు అన్నది ‘నైడూ’గా మారి వేల కుటుంబాల పేరైంది. ఒకే నైడూ పేరున్న పది కుటుంబాల మూలాలు పది తాలూకాల్లో ఉండొచ్చు. ఈ నష్టం పూడ్చుకోలేనిదని నా అభిప్రాయం. ఓడ పేరు, తేదీ, వయసు అన్నీ దొరికినా, ఇంటిపేరు లేకపోతే సొంతూళ్ళో దాయాదుల తలుపు తట్టలేం.

కానీ గుమాస్తాకు తెలియకుండా పేర్లే కొంత జాడ మోసుకొచ్చాయి. అప్పన్న, అప్పడు, అప్పలస్వామి, అప్పలరాజు అన్న పేర్లు చూస్తే సింహాద్రి అప్పన్న కొండ కనిపించే దూరంలో పుట్టిన మనిషని అనుకోవచ్చు. డర్బన్‌లో అప్పల్సామి అన్న ఇంటిపేరు ఇవాళ్టికీ ఉంది. పైడయ్య, పైడిరాజు, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి. నూకయ్య, నూకరాజు, నూకాలు అంటే అనకాపల్లి నూకాలమ్మ వైపు చూడాలి. ఇది రుజువు కాదు, దిక్కు చూపించడమే. ఊరి పేరు చదవరాకుండా చెదిరిపోయిన చోట ఈ దిక్కే ఆధారం. జనాభా లెక్కలు చెరిపేసిన భూగోళాన్ని మొక్కుబడి పేర్లు కాపాడాయి.

జిల్లా పేర్లతో మాత్రం జాగ్రత్త. కాగితం మీద ‘గంజాం’ అని ఉంటే ఒడిశా వైపు పరుగెత్తకండి. 1936 దాకా శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం గంజాం జిల్లాలోవే. ‘చికాకోల్’ అంటే శ్రీకాకుళమే. ‘గోదావరి’ అని ఉంటే 1925కు ముందు రెండు గోదావరులూ లేవని గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో పుట్టాయి. కోరంగి ఊరు తూర్పుగోదావరిలో ఉండేది, 2022 నుంచి కాకినాడ జిల్లాలో ఉంది. మారిషస్ నుంచో డర్బన్ నుంచో ఏ మనవడైనా వచ్చి ‘మా ముత్తాతది గంజాం’ అంటే బరంపురం బస్సెక్కించే ముందు తాలూకా పేరు అడగండి.

బర్మాలో మిగిలిపోయినవాళ్ళకు ఈ వెతుకులాట సరదా కాదు. 1982 పౌరసత్వ చట్టం 1823ను గీతగా గీసింది. ఇంగ్లీషువాళ్ళు రాకముందే స్థిరపడిన జాతులకే పుట్టుకతో పూర్తి పౌరసత్వం. సర్కారు గుర్తించిన 135 జాతుల్లో తెలుగు లేదు. తాత ఏ సంవత్సరంలో వచ్చాడో కాగితంతో చూపించమంటే, తాత పేరున్న కాగితాన్ని లెక్కలవాళ్ళే ఎప్పుడో నాశనం చేశారు.

1962లో సైన్యం అధికారం పట్టాక దుకాణాలు జాతీయం చేశారు. 1964 నుంచి లక్షలమంది వట్టి చేతులతో ఓడలెక్కి తిరిగొచ్చారు. ఆ వచ్చినవాళ్ళకు ప్రభుత్వం చోటిచ్చిన పేటల్లో విశాఖ కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు ఒకటి. బర్మాలో మూడు తరాలు కోరంగి వాళ్ళని పిలిపించుకున్న మనుషుల్ని ఇక్కడివాళ్ళు బర్మా వాళ్ళన్నారు. ఎక్కడున్నా అవతలి ఒడ్డు పేరే వాళ్ళకు పేరు. తెలుగువాడన్న మాట వాళ్ళకు రెండు ఒడ్డుల్లోనూ దక్కలేదు, సర్కారు పట్టికలో తప్ప.

రంగం వెళ్ళొచ్చినవాళ్ళను చూసిన తరం ఇప్పుడు ఎనభై దాటింది. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే నాలుగు సంగతులు అడిగి రాసిపెట్టండి: ఇంటిపేరు, ఓడెక్కిన రేవు, తీసుకెళ్ళిన మేస్త్రీ పేరు, అక్కడ పిలిచిన పేరు. ఆ చివరిది అడగడానికి మొహమాటపడకండి. పాత కాగితాల్లో వెతకాల్సింది ఆ పేరుతోనే. రాబోయే జనగణనలో రాసుకుపోతారులే అని ఊరుకోవద్దు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ కాగితాలు చూసే హక్కు మీ మనవలకు ఉండదు.